పన్నెండు గెలాక్సీల బరువు

దయ్యాల కథ చెప్పేవాళ్లు ఎవరైనా దొరికితే నేను ఒకటే ప్రశ్న అడిగేవాణ్ణి. "కొలిచారా?" అని. తెల్లచీర కనబడిందనేవారు, గజ్జెల చప్పుడు వినబడిందనేవారు. ఎంత దూరంలో, ఎంతసేపు అని అడిగితే నీళ్లు నమిలేవారు. ముప్పై ఏళ్లకు పైగా ఫిజిక్సు పాఠాలు చెప్పినవాణ్ణి, నేను దయ్యాలను ఏనాడూ నమ్మలేదు, ఇప్పటికీ నమ్మను. శ్మశానం పక్కన ఇల్లు చవగ్గా వస్తుందంటే ఇంకా బేరమాడి కొనే రకం నేను.

అయితే నాకు జరిగినదాన్ని నేను కొలిచాను. ఒక్కణ్ణే కాదు, ముగ్గురం కలిసి, పట్టపగలు, మిల్లీగ్రాములతో సహా కొలిచాం. అదే నా ఖర్మ. ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పకపోవడానికి కారణం భయం కాదు, సిగ్గు. ఇందులో దయ్యం ఉందో లేదో తెలియదు గానీ ఒక దొంగ ఉన్నాడు. ఆ దొంగను నేనే.

అరవై ఎనిమిదిలో నేను హైదరాబాదులో, తార్నాక పక్కనున్న యూనివర్సిటీలో రీసెర్చ్ స్కాలర్‌ని. మాది నల్లగొండ వైపు వ్యవసాయ కుటుంబం. నేను ఏం పని చేస్తున్నానో మా నాన్నకు చెప్పడానికి రెండుసార్లు ప్రయత్నించి మానుకున్నాను. మీకు చెప్పక తప్పదు, కాబట్టి తేలిగ్గానే చెబుతాను.

నక్షత్రాలు పుట్టడానికి ముడిసరుకు హైడ్రోజన్ గ్యాసు. దూరాన ఉన్న గెలాక్సీల్లో అది మబ్బులు మబ్బులుగా ఉంటుంది. దానికి వెలుగు లేదు, కంటికి కనబడదు. కానీ సన్నటి రేడియో అల ఒకటి పంపుతుంది. ఆ అల పొడవు దాదాపు జానెడు. పెద్ద రేడియో టెలిస్కోపును గెలాక్సీ వైపు తిప్పి పెడితే, ఆ అలను బట్టి ఒక పెన్ను కాగితం మీద గీత గీస్తూ పోతుంది. గ్యాసు లేనిచోట గీత చదునుగా ఉంటుంది, ఉన్నచోట గుట్టలా లేస్తుంది. గుట్ట ఎంత పెద్దదైతే గెలాక్సీలో గ్యాసు అంత ఎక్కువ.

అంత పెద్ద టెలిస్కోపు మాకు లేదు. మా ప్రొఫెసర్ గారు విదేశంలో పనిచేసి వచ్చినవారు. అక్కడి మిత్రులు ఆ గీతల కాగితాలను రేకు గొట్టాల్లో చుట్టి ఓడలో పంపేవారు. గుట్ట వైశాల్యం కొలవడం మా పని. ఎలాగంటే, గుట్టను మందపాటి డ్రాయింగు కాగితం మీదికి దించి, బ్లేడుతో కత్తిరించి, ఆ ముక్కను కెమిస్ట్రీ వాళ్ల త్రాసులో తూచేవాళ్లం. పక్కన సరిగ్గా ఒక చదరపు అంగుళం ముక్కను కూడా తూచి, దీనికి అది ఎన్నింతలో చూసేవాళ్లం. నవ్వకండి. కంప్యూటర్లు లేని రోజుల్లో వైశాల్యం తేల్చడానికి అదొక మర్యాదస్తుల పద్ధతే.

దీంట్లో ఒక్కటే చిక్కు. కాగితం గాలిలోని చెమ్మను తాగుతుంది, తాగి బరువెక్కుతుంది. అందుకని తూచే ముందు అన్ని ముక్కలనూ డెసికేటర్‌లో, అంటే అడుగున చెమ్మను పీల్చే మందు పోసిన మూత గాజుపాత్రలో, రెండు రోజులు ఆరబెట్టాలి. తర్వాత చిన్న మూతసీసాలో పెట్టి గబగబా తూచాలి. ఒకే ముక్కను ఇద్దరు విడివిడిగా తూచాలనేది ప్రొఫెసర్ గారి నియమం. ఒకరి అంకె ఇంకొకరు చూడకూడదు.

ఆ ఇద్దరిలో ఒకణ్ణి నేను, ఇంకొకరు యేసుపాదం.

ఆయన ఉద్యోగం పేరే కంప్యూటర్. ఆ రోజుల్లో ఆ మాటకు లెక్కలు వేసే మనిషి అని అర్థం. నాకంటే పదేళ్లు పెద్ద. మిషన్ స్కూల్లో చదువుకుని ఇంటర్మీడియట్ దగ్గర ఆగిపోయాడు. తొమ్మిదేళ్లుగా టెంపరరీ. ఆ ఏడు ప్రొఫెసర్ గారు సిఫారసు రాస్తే పర్మనెంట్ అవుతాడు, లేకపోతే ఆ పోస్టే ఎత్తేస్తారు. భార్య మార్తమ్మ, ఇద్దరు ఆడపిల్లలతో అడిక్‌మెట్‌లో రెండు గదుల్లో ఉండేవాడు. నా అద్దె గది కూడా ఆ సందులోనే.

ఊళ్లో అయితే ఆయన వాడ వేరు, మా వాడ వేరు. ఆయన్ని మా ఇంటి గడప తొక్కనిచ్చేవారు కాదు. అడిక్‌మెట్‌లో మాత్రం ఆదివారం వాళ్లు చర్చి నుంచి రాగానే నేను వెళ్లి వాళ్ల చాప మీద కూర్చునేవాణ్ణి. మార్తమ్మ జొన్నరొట్టె, కోడికూర పెట్టేది. ఇంట్లో నేను ఆయన్ని "అన్నా" అనేవాణ్ణి, ఆయన నన్ను "తమ్మీ" అనేవాడు. డిపార్టుమెంటు మెట్లెక్కితే ఆయన నాకు ఉత్త యేసుపాదం, నేను ఆయనకు సార్. అది తప్పని అప్పుడు నాకు తోచలేదు.

ఆయన కాగితం కత్తిరిస్తే ఇంకొకరు వేలు పెట్టి తప్పు చూపడానికి ఉండేది కాదు. తూచడాన్ని ఆయన జోకుడు అనేవాడు, త్రాసును కాంటా అనేవాడు. "మనిషి అబద్ధం చెప్తడు తమ్మీ, కాంటా చెప్పదు" అనేది ఆయన మాట. జీతం ఆలస్యమైనా, పైవాళ్లు విసుక్కున్నా, కాంటా ముందు కూర్చుంటే ఆయన ముఖం తేటగా ఉండేది.

ఆ జూలైలో పన్నెండు గెలాక్సీల ముక్కలు తయారయ్యాయి. యేసుపాదం వాటిని ఆరబెట్టి, తూచి, తన అంకెలు కవర్లో పెట్టి అంటించి ఇచ్చేశాడు. మళ్లీ రెండు రోజులు ఆరబెట్టి నేను తూచాలి. రెండో రోజు మధ్యాహ్నం ఎమ్మెస్సీ ప్రీవియస్ ఆడపిల్లలు ముగ్గురు మా గది చూస్తామని వచ్చారు. నాకు నేల మీద కాలు నిలవలేదు. డెసికేటర్ మూత తీసి, పన్నెండు ముక్కలనూ కిటికీ దగ్గర బల్ల మీద పరిచి, "గెలాక్సీని చేత్తో పట్టుకోండి" అని తలా ఒకటి ఇచ్చాను. వాళ్లు నవ్వారు. నా బుర్రకు అదే చాలు. వాళ్లను సాగనంపడానికి తార్నాక బస్టాపు దాకా కబుర్లు చెబుతూ నడిచాను.

అక్కడ పట్టుకుంది వాన. గంటన్నర ఇరానీ హోటల్ చూరు కింద నిలబడ్డాను. తడిసి ముద్దయి తిరిగొచ్చేసరికి కిటికీ తెరిచే ఉంది. జల్లు బల్ల దాకా రాలేదు గానీ ముక్కలన్నీ మెత్తబడ్డాయి. అంతకుముందు వేలితో మీటితే చిటపటలాడే కాగితం పాత రూపాయి నోటులా వేలాడింది.

సాయంత్రం ఐదింటికి అంకెలు కావాలన్నారు ప్రొఫెసర్ గారు. ఇంకో రెండు రోజులు గడువు అడిగితే ఎందుకని అడుగుతారు. ఆడపిల్లలకు చూపించానని చెప్పాలి. ఆ ఒక్క మాట చెప్పడానికి నామోషీ పడి, ముక్కలను తడిగానే తూచాను. పోల్చే చదరపు ముక్క మాత్రం మూత మళ్లీ పెట్టేసిన డెసికేటర్‌లోనే ఉండిపోయింది, అది పొడిగా ఉంది. ఏం జరుగుతుందో నాకు తెలియనిది కాదు. పన్నెండు గెలాక్సీల్లో లేని గ్యాసు నింపాను.

రెండు కవర్లూ విప్పారు. ప్రతి ముక్కా నా లెక్కలో రూపాయికి అణా చొప్పున, అంటే పదహారో వంతు, ఎక్కువ. అన్నిటికంటే పెద్ద ముక్క ఆయనకు మూడు వందల ఎనభై నాలుగు మిల్లీగ్రాములు వస్తే నాకు నాలుగు వందల ఎనిమిది వచ్చింది.

వరండాలో యేసుపాదం నన్ను పక్కకు పిలిచాడు. చుట్టుపక్కల ఎవరూ లేరని చూసుకుని మెల్లగా అన్నాడు. "తమ్మీ, పన్నెండిట్ల ఒక్క తీరుగ పెరిగినయి. గిది చెమ్మ పనే. ఏమన్న తాకిందా? తాకితే చెప్పు, నేనే సార్‌తోని మాట్లాడి మల్ల జోకిపిస్త. నీకు మాట రానియ్య."

దొంగ తప్పించుకోవడానికి తలుపు తీసిపెట్టడం అంటే అది. నేను ఏమన్నానో ఇక్కడ రాయాలంటే చెయ్యి రావడం లేదు. "లేదన్నా, నేను రెండు రోజులూ ఆరబెట్టిన" అన్నాను. పైగా, "నువ్వే ఒకసారి సరిచూసుకో" అని కూడా అన్నాను.

ప్రొఫెసర్ గారు ఇద్దరినీ నిలబెట్టి అడిగారు. ఇద్దరం ఆరబెట్టామనే చెప్పాం. ఆయన మర్నాడే విదేశం వెళ్తున్నారు, వసంతకాలం దాకా రారు. "ఒక కాగితానికి రెండు బరువులు ఉండవు కదా. తిరిగొచ్చాక ఎండల్లో ముగ్గురం కలిసి తూద్దాం. అప్పటిదాకా వీటిని ఎవరూ ముట్టుకోవద్దు" అని ముక్కలన్నీ ఒక కవర్లో వేసి, లక్కతో సీలు వేసి, తన బీరువాలో పెట్టి తాళంచెవి పట్టుకుపోయారు. యేసుపాదం పర్మనెంట్ కాగితం కూడా అప్పటిదాకా ఆగింది.

ఆ పది నెలలు ఆయన హాయిగా ఉన్నాడు. "ఎండకాలం రానీ, కాంటనే చెప్తది" అనేవాడు. తప్పు నాదని ఆయనకు తెలుసనుకుంటాను. అయినా ఆదివారం రొట్టె ఆగలేదు. నేనూ వెళ్లి తినేవాణ్ణి. ఎండాకాలం వస్తే దొరికిపోతానని రోజులు లెక్కపెట్టుకున్నాను.

మే నెల వచ్చింది. ఆ ఏడు విద్యార్థుల ఉద్యమం, గొడవల వల్ల క్లాసులు మూతపడి క్యాంపస్ బోసిగా ఉంది. ఎండ మండిపోతోంది, వాన చుక్క పడి చాలా రోజులైంది. ప్రొఫెసర్ గారు సీలు మా ఇద్దరికీ చూపించారు. చెక్కుచెదరలేదు. డెసికేటర్‌లో కొత్త మందు పోయించి, ముక్కలు అందులో పెట్టి, ఆ గదికి కూడా తాళం వేసుకున్నారు. రెండు రోజుల తర్వాత, మిట్టమధ్యాహ్నం పన్నెండింటికి త్రాసుల గదిలో కలుసుకున్నాం.

నా చొక్కా జేబులో ఒక చీటీ ఉంది. ఆ పొద్దున్నే రాసుకున్నాను. "తడి కాగితాలు తూచింది నేను. యేసుపాదం అంకెలే సరైనవి." త్రాసు నిజం చెప్పగానే, ఎవరూ అడగకముందే ఆ చీటీ ఇచ్చేద్దామనుకున్నాను. దొరికిపోయాక ఇచ్చే చీటీ ఒప్పుకోలు కాదని తెలుసు. నా ధైర్యం అంతవరకే.

ముందు చదరపు అంగుళం ముక్కను తూచారు. ఎప్పటి బరువే, వెంట్రుకవాసి తేడా లేదు. త్రాసు బాగానే ఉందన్నమాట. తర్వాత పెద్ద ముక్క. తూచింది ప్రొఫెసర్ గారు, నేను దాన్ని ముట్టుకోలేదు. ముల్లు నిలిచింది. ఆయన కళ్లద్దాలు సర్దుకుని చదివారు.

"నాలుగు వందల ఎనిమిది."

నేను తప్పు విన్నాననుకున్నాను. రెండో ముక్క, మూడో ముక్క, అలా పన్నెండూ తూచారు. ఆనాడు వానలో నేను రాసిన అంకెలే మిల్లీగ్రాము తేడా లేకుండా వచ్చాయి.

యేసుపాదం ముందుకొచ్చి, "ఒక్కసారి నేను జోకుత సార్" అన్నాడు. సీసా బయటకు తీశాడు, తూకపురాళ్లు చిమ్టాతో ఒక్కొక్కటే తీసి మళ్లీ వేశాడు. నాలుగు వందల ఎనిమిదే వచ్చింది. ఆ ముక్కను చూపుడువేలు మీద పెట్టుకుని కాసేపు చూశాడు. అది వేలికి అటూ ఇటూ మెత్తగా వంగి వేలాడింది. నేను కళ్లు తిప్పుకున్నాను.

ఎలా సాధ్యం? ఎవరైనా మార్చారనుకుందామంటే సీలు ఉంది, తాళాలున్నాయి. మందు పాడైందనుకుందామంటే అదే పాత్రలో ఉన్న చదరపు ముక్క పొడిగా ఉంది. అదే కాగితం, అదే రీములోది. త్రాసు తప్పనుకుందామంటే ఒక ముక్కకు సరిగ్గా చూపి పన్నెండింటికి తప్పు చూపదు. ఆ మండే ఎండలో, పది నెలల కిందటి వాన ఆ పన్నెండు ముక్కల్లో మాత్రం అలాగే ఉంది. నా అబద్ధానికి సాక్ష్యం చెప్పడానికే వచ్చినట్టు వచ్చింది.

భయంతో వెన్ను చల్లబడిందని రాస్తే బాగుంటుంది గానీ అది నిజం కాదు. నాకు ముందు కలిగింది సంతోషం. బతికిపోయాను అనుకున్నాను. ఆ క్షణం గుర్తొస్తే ఇప్పటికీ తలెత్తలేను. చీటీ జేబులోనే ఉండిపోయింది. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను.

"నీ చేతి మీద నాకు చాలా నమ్మకం ఉండేది, యేసుపాదం" అన్నారు ప్రొఫెసర్ గారు. అంతకుమించి కసరలేదు. సిఫారసు రాయలేదు.

యేసుపాదం నా వైపు ఒక్కసారి కూడా కోపంగా చూడలేదు. చూసినా బాగుండేది. ఆయన కాంటా మాట నమ్మాడు. నమ్మి, తప్పు తన చేతిదే అనుకున్నాడు. ఆ సాయంత్రం తార్నాక చౌరస్తాలో ఎదురుపడితే నేను "అన్నా" అన్నాను. ఆయన ఆగి, చేతులు కట్టుకుని, "మీ మీద అనుమానపడ్డ సార్. మాఫ్ చేయిండ్రి" అన్నాడు. నడిబజారులో, ఇంటి దగ్గర కూడా కాదు, డిపార్టుమెంటులో కూడా కాదు, నన్ను సార్ అన్నాడు.

జూన్ మొదట్లో యేసుపాదం వాళ్లు ఊరికి వెళ్లిపోయారు. గౌలిగూడ బస్టాండు నుంచి సాయంత్రం నాలుగింటికి బస్సు. ఆ పొద్దున పదకొండింటికి నాకు ఏం తోచిందో, త్రాసుల గదికి వెళ్లాను. ముక్కలు ఇంకా ఆ డెసికేటర్‌లోనే ఉన్నాయి. పెద్ద ముక్క తూచాను.

మూడు వందల ఎనభై నాలుగు.

పన్నెండూ తూచాను. అన్నీ యేసుపాదం అంకెలే. వేలితో మీటితే చిటపటమన్నాయి.

ఐదు గంటల సమయం ఉంది. ప్రొఫెసర్ గారి ఇల్లు క్యాంపస్‌లోనే, పిలుచుకొచ్చి చూపిస్తే సరిపోయేది. లేదా బస్సెక్కి గౌలిగూడ పోతే సరిపోయేది. తార్నాక దాకా నడిచాను. మూడు బస్సులు వచ్చి వెళ్లాయి. ఎక్కలేదు. ఇరానీ హోటల్‌లో కూర్చుని చాయ్ తాగాను, జేబులోంచి చీటీ తీసి చింపాను. గోడ గడియారంలో నాలుగు దాటాక లేచాను.

మా వ్యాసం నా అంకెలతోనే అచ్చయింది. నాకు డాక్టరేట్ వచ్చింది, ఉద్యోగం వచ్చింది. తర్వాత కాలంలో ఇంకా మంచి టెలిస్కోపులతో ఎవరో ఆ గెలాక్సీలను మళ్లీ కొలిచారు. రూపాయికి అణా తక్కువ వచ్చింది. పాత పరికరాల లోపమై ఉంటుందని మర్యాదగా రాశారు. లోపం పేరు నాకు తెలుసు.

ఆ ముక్కలు నా దగ్గరే ఉన్నాయి. ఒక రేకు డబ్బాలో పెట్టుకున్నాను. ఏడాదికోసారి మా కాలేజీ లాబ్‌లో ఆరబెట్టి తూచేవాణ్ణి. ఎన్నిసార్లు తూచినా మూడు వందల ఎనభై నాలుగే.

చాలా ఏళ్లకు, పరీక్ష పేపర్లు దిద్దే దగ్గర ఒక లెక్చరరమ్మ పలకరించింది. యేసుపాదం పెద్దకూతురు. "మా బాపు మీ గురించి చెప్తుంటడు సార్. కండ్ల ఆపరేషన్‌కని మా ఇంట్లనే ఉన్నడు, అంబర్‌పేట్‌ల" అంది. మరుసటి ఆదివారం డబ్బా పట్టుకుని వెళ్లాను. అది ఏప్రిల్, పొద్దున పది గంటలకే గాలి నిప్పులు చెరుగుతోంది.

ఆయన మంచం మీద కూర్చుని ఉన్నాడు. తల ముగ్గుబుట్ట అయింది, కళ్లకు నల్లద్దాలు. ఊళ్లో మిషన్ బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యాడట. ఆ బళ్లో లెక్క తప్పిందని ఏ పిల్లవాణ్ణీ ఎప్పుడూ కొట్టలేదని కూతురు నవ్వుతూ చెప్పింది. నేను నిలబడే, ఆపకుండా అంతా చెప్పేశాను. ఆడపిల్లలు, కిటికీ, వాన, చీటీ, గౌలిగూడ బస్సు. చివరికి, "నీ చెయ్యి తప్పలేదన్నా. నేనే అబద్ధమాడిన" అన్నాను.

ఆయన ఒకటే అడిగాడు. "మరి ఎండకాలంల ఎట్ల బరువున్నయి?"

"తెల్వదన్నా. నువ్వు పోయిననాడే జోకిన. నీ లెక్కకే వచ్చినయి. మొన్న గూడ వచ్చినయి. ఇగో, తెచ్చిన."

డబ్బా మూత తీసి ఆయన చేతికిచ్చాను. తడుముకుని పెద్ద ముక్కను తీశాడు. రెండు వేళ్ల మధ్య పట్టుకుని రుద్ది చూశాడు. మీటాడు. చప్పుడు రాలేదు. నేను వంగి ముట్టుకున్నాను. మెత్తగా, చల్లగా ఉంది. ముందురోజే డెసికేటర్‌లోంచి తీసి, మూత బిగించి తెచ్చిన కాగితం అది. ఆ ఎండలో నా చొక్కా మీది చెమట కూడా ఆరిపోయింది గానీ అది తడిగా ఉంది.

ఆయన చిన్నగా నవ్వి ముక్కను జాగ్రత్తగా డబ్బాలో పెట్టాడు. చెయ్యి చాచి నా భుజం వెతుక్కుని తట్టాడు.

"నా మనసు కోసం ఇంత దూరం వచ్చినవ్ తమ్మీ. ముసలోడు బాధపడుతుండని కథ అల్లుకొని వచ్చినవ్. నీది మంచి మనసు. కాంటా అబద్ధం చెప్పదు, నాకు తెల్సు. తప్పు నాదే. ఎప్పుడో మర్చిపోయిన. కూసో, రొట్టె తిని పో."

ఎంత చెప్పినా నమ్మలేదు. ఒట్టేసినా నమ్మలేదు. నేను కూర్చుని రొట్టె తిన్నాను.

హబ్సిగూడలో ఇంటికొచ్చి డబ్బా మూత తీస్తే ముక్కలు ఎండుటాకుల్లా గలగలలాడాయి. ఆయన పోయి ఇప్పటికి ఆరేళ్లు. అవి మళ్లీ ఎప్పుడూ తడవలేదు. ఆయన ఎదుట మాత్రమే ఎందుకు తడిశాయో, నిజం చెప్పిన రోజున కూడా నన్ను అబద్ధాలకోరును ఎందుకు చేశాయో, ఎంత చదివినా నాకు అంతుబట్టలేదు. తెలిసినది ఒక్కటే. వాటిని మొదట తడిపింది నేను.